విడిగా పెట్టిన కంచం

పిల్లలకు ఏం మిగిల్చి వెళ్తారని అడిగితే పొలం, ఇల్లు, చదువు అంటాం. వాళ్లకు గుర్తుండేవి వేరు. అమ్మకు జబ్బు చేసినప్పుడు నాన్న ఎలా చూసుకున్నాడు, నాయనమ్మ మంచం ఎక్కడ వేశారు... ఇవీ. టీబీ వచ్చిన ఇళ్లలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు కుటుంబాలు కఫం పరీక్ష ఫలితం చూడగానే ముందుగా అడిగేది మందుల గురించి కాదు. 'కంచం, గ్లాసు విడిగా పెట్టాలా సార్?' అని. కొందరు అడక్కుండానే పెట్టేస్తారు. కోడలికైతే పుట్టింటికి పంపేవాళ్లూ ఉన్నారు. అదే జబ్బు కొడుక్కి వస్తే ఎవరూ ఎక్కడికీ పంపరు. ఇది ఏ వైద్యశాస్త్రమో నాకు తెలీదు!

కంచం వల్ల, దుప్పటి వల్ల, చేయి పట్టుకున్నందువల్ల టీబీ రాదు. ఊపిరితిత్తుల్లో టీబీ ఉన్నవారు దగ్గినప్పుడు గాలిలో కలిసే క్రిములను పీల్చడం వల్ల వస్తుంది. సరైన మందులు మొదలుపెడితే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుంది. డాక్టరు చెప్పేదాకా మూతికి మాస్కు, కిటికీలు తెరిచిన గది చాలు.

ఒకప్పుడు రోగిని ఇంటికి దూరంగా ఉంచడం తప్ప మార్గం లేదు. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం అలా వెలసిందే. అప్పట్లో విశ్రాంతి, గాలి, మంచి తిండే వైద్యం. మందులొచ్చాక మద్రాసులో ఒక అధ్యయనం చేశారు. కొందరికి శానటోరియంలో, కొందరికి ఇంటి దగ్గరే చికిత్స ఇచ్చి పోల్చారు. 1959లో ఫలితాలు వెలువడ్డాయి: ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ఇంట్లో ఉంచుకున్నందువల్ల కుటుంబ సభ్యులకు ముప్పు పెరగలేదని తర్వాతి పరిశీలనల్లోనూ తేలింది. అంటే ఇంట్లోంచి వెలివేయడానికి కారణం పోయి అరవై ఏళ్లు దాటింది. అలవాటు మాత్రం పోలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా టీబీ తేలితే, అందరూ పరీక్ష చేయించుకోండి. ముఖ్యంగా అయిదేళ్లలోపు పిల్లలకు ముందుజాగ్రత్త మందుల గురించి అడగండి. మామూలు టీబీకి ఆరు నెలలు మందులు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఒళ్లు తేరుకుని, మానేయాలనిపిస్తుంది. అప్పుడు మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా పక్కన కూర్చునే మనిషి కావాలి. పోషణ కోసం ప్రభుత్వం నెలకు 1000 రూపాయలు రోగి ఖాతాలో వేస్తుంది. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు తెచ్చి, అందరితోపాటు ఆ కంచంలోనే వడ్డించండి.