పెరడు లేని ఇంటిలో గోంగూర



“పెరడు” అనే మాటను మీరు పాఠంలో చదివి ఉంటారు. ఇంటి వెనుక కూరగాయలు, పూలమొక్కలు పెంచుకొనే స్థలానికి ఆ పేరు. పెరాక్‌లోని బగాన్ దాతుక్ వంటి చోట్ల కొబ్బరి తోటలలోను, రబ్బరు తోటలలోను పనిచేయడానికి మన పూర్వులు మలేషియాకు వచ్చారు. నేడు వారి సంతతిలో అనేకులు కౌలాలంపూరు, క్లాంగ్, ఈపో వంటి పట్టణాలలో మేడలపైన నివసిస్తున్నారు. ఆ ఇళ్ళకు బాల్కనీ ఉంటుంది గాని పెరడు ఉండదు.

అయితే మనకు లోటేమిటి? తోటకూర కావాలంటే బజారులో “బాయమ్” పేరుతో దొరుకుతుంది. బెండకాయలు “బెండి” పేరుతో దొరుకుతాయి. ఆ మాట మన “బెండ”కు ఎంత దగ్గరగా ఉందో చూడండి! గోంగూర మాత్రం అన్ని అంగళ్ళలోను కనబడదు. ఎవరో ఒకరు ఇంటిలో పెంచుకొంటేనే అది వంటింటికి చేరుతుంది. ఎవరూ పెంచకపోతే ఆ పుల్లని పచ్చడి రుచి తెలియకుండానే పిల్లలు పెద్దవారవుతారు. “గోంగూర” అనేది పుస్తకంలోని ఒక పదంగా మాత్రమే మిగులుతుంది. అలా జరగకుండా ఉండడానికి ఒక ఖాళీ బియ్యపు సంచి చాలు.

సంచిలో వేరుకు ఏమి కావాలి?

నేలలో పెరిగే మొక్క తన వేళ్ళను ఎంత దూరమైనా చాచి నీటిని, ఆహారాన్ని వెదకుకొంటుంది. సంచిలోని మొక్కకు ఆ స్వేచ్ఛ లేదు. దానికి కావలసినవన్నీ మనమే అందించాలి. అవి నాలుగు: నీరు, గాలి, ఆహారం, ఎండ. వేళ్ళకు గాలి ఎందుకని మీరు అడుగవచ్చు. వేళ్ళు కూడ శ్వాసిస్తాయి. మట్టి రేణువుల మధ్యనున్న సందులు పూర్తిగా నీటితో నిండిపోతే వాటికి గాలి అందదు, అవి కుళ్ళిపోతాయి. కుండీలలో చనిపోయే మొక్కలలో చాలవరకు నీరు చాలక కాదు, నీరు ఎక్కువై చనిపోతాయి.

అందువలన సంచి అడుగున పెన్సిలు మందాన ఎనిమిది లేక పది రంధ్రాలు చేయాలి. అడుగుకు రెండు అంగుళాల పైన, ప్రక్కలందు కూడ నాలుగు రంధ్రాలు ఉంచాలి. ఈ పనిని పెద్దల చేత చేయించుకోండి.

కొందరు సంచి అడుగున గులకరాళ్ళు పరుస్తారు. నీరు త్వరగా దిగిపోతుందని వారి నమ్మకం. ఇది నిజమో కాదో తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రయోగం చేయండి. పాత్రలు తోమే కొత్త స్పాంజి నొకదానిని నీటిలో బాగా ముంచి, పిండకుండా అడ్డంగా పట్టుకోండి. కొంతసేపటికి చుక్కలు పడడం ఆగిపోతుంది. ఇప్పుడు దానిని నిలువుగా తిప్పి పట్టుకోండి. నీరు మళ్ళీ కారుతుంది! స్పాంజి అదే, నీరు అదే. ఎత్తు మాత్రమే మారింది. మట్టి కూడ స్పాంజి వంటిదే. దాని అడుగుభాగంలో కొంత నీరు ఎప్పుడూ నిలిచి ఉంటుంది. గులకరాళ్ళు వేస్తే ఆ తడి పొర రాళ్ళపైకి, అంటే వేళ్ళకు మరింత దగ్గరగా జరుగుతుంది. కాబట్టి రాళ్ళు వద్దు. లోతైన సంచి మేలు. తోటకూరకు 15 సెంటీమీటర్ల లోతు సరిపోతుంది. గోంగూర, బెండ, మిరప, వంగ మొక్కలకు 30 సెంటీమీటర్లయినా కావాలి. 10 కిలోల బియ్యపు సంచి వీటికి తగినది. పైఅంచును రెండు మడతలు మడిచితే సంచి నిటారుగా నిలుస్తుంది.

ఇటువంటి నేత సంచి ఎండకు క్రమంగా పెళుసై, పోగులుగా రాలుతుంది. ఆ పోగులు మట్టిలో కలువకముందే దానిని మార్చాలి. ఎక్కువ కాలం మన్నాలంటే మొక్కల దుకాణంలో అమ్మే నల్లని పాలిబ్యాగు వాడవచ్చు.

మట్టి కలపడం

నేలలోని మట్టిని మాత్రమే సంచిలో నింపితే, రోజూ నీరు పోయడం వలన అది ఇటుక వలె గట్టిపడుతుంది. రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు బాగా మాగిన కంపోస్టు ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలపండి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉండవచ్చు. కనుక ముందుగా దానిని మంచినీటిలో నానబెట్టి, రెండుసార్లు కడిగి పిండాలి. మట్టిని సంచి అంచు వరకు నింపకుండా, నీరు నిలిచేందుకు పైన మూడు వేళ్ళ ఎడం విడవాలి.

కూరగాయల తొక్కలను పచ్చిగా సంచిలో వేయకండి. ఈగలు ముసురుతాయి. పైగా తొక్కలను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మొక్కకు కావలసిన నత్రజనిని కొంతకాలం తామే వాడుకొంటాయి. తొక్కలను వేరే డబ్బాలో ఎండుటాకులతో కలిపి మాగనిచ్చిన తరువాత ఎరువుగా వేయవచ్చు.

ఎండ ఎటునుండి వస్తుంది?

కాయలు కాచే బెండ, మిరప, వంగ మొక్కలకు రోజుకు ఆరు గంటల ఎండ అవసరం. ఆకుకూరలకు నాలుగు గంటలైనా చాలు. మీ బాల్కనీ ఏ దిక్కున ఉన్నదో ముందుగా తెలుసుకోండి. తూర్పు బాల్కనీకి ఉదయపు ఎండ, పడమటి బాల్కనీకి సాయంకాలపు ఎండ ఏడాది పొడవునా వస్తాయి. ఉత్తర, దక్షిణ దిక్కుల సంగతి వింతగా ఉంటుంది. మనం భూమధ్యరేఖకు చాల సమీపంలో ఉన్నాము. కౌలాలంపూరులో ఏప్రిల్ నుండి సెప్టెంబరు మధ్య వరకు మధ్యాహ్న సూర్యుడు ఉత్తరం వైపున ఉంటాడు. మిగిలిన నెలలలో దక్షిణం వైపున ఉంటాడు. కాబట్టి ఉత్తరపు బాల్కనీ ఉన్నవారు ఏప్రిల్‌లోను, దక్షిణపు బాల్కనీ ఉన్నవారు అక్టోబరులోను విత్తడం మంచిది.

విత్తడం, నీరు పోయడం

గోంగూర విత్తనాలను ఒక రాత్రి నానబెట్టి, ఒక్కొక్క సంచిలో ఐదారు గింజలను ఒక సెంటీమీటరు లోతున విత్తండి. సుమారు వారంలోపు మొలకలు కనబడతాయి. అవి నాలుగాకులు వేసిన తరువాత బలమైన రెండింటిని ఉంచి, తక్కినవాటిని వేళ్ళతో సహా పీకకుండా కత్తెరతో కత్తిరించండి. పీకితే ప్రక్క మొక్క వేళ్ళు కూడ కదిలిపోతాయి.

నీరు పోయడానికి ముందు మీ చూపుడువేలిని రెండు కణుపుల వరకు మట్టిలో గుచ్చి చూడండి. లోపల తడి తగిలితే ఆనాడు నీరు వద్దు. పొడిగా ఉంటే అడుగు రంధ్రాల నుండి కొద్దిగా కారేంత వరకు నెమ్మదిగా పోయండి. అలా కారే నీటితోబాటు ఎరువులోని సారం కూడ కొట్టుకొని పోతుంది. పెద్ద వాన కురిస్తే మరింత పోతుంది. అందువలన రెండు వారాలకొకసారి గుప్పెడు కంపోస్టును పైమట్టిలో కలపాలి.

ఆకుల వెనుక పేనుబంక కనబడితే భయపడకండి. నీటి ధారతో కడిగివేస్తే చాలవరకు రాలిపోతుంది. అది మళ్ళీ వస్తే లీటరు నీటిలో ఒక చెంచా వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు నీరు కలిపి సాయంకాలం పెద్దల సహాయంతో చల్లండి. అలా చల్లిన ఆకులను వెంటనే కోయక, కొన్ని రోజులు ఆగి, బాగా కడిగి వాడాలి.

గోంగూర ఇక్కడ త్వరగా పూయడానికి కారణం

ఎర్ర గోంగూర, మలేషియాలో ఎర్రని పానీయం చేసుకొనే రోసెల్, రెండూ ఒకే జాతి మొక్కలు. రాత్రి తగినంత దీర్ఘమైనపుడు ఈ మొక్క పూతకు వస్తుంది. విజయవాడలో జూన్ నెలలో పగలు దాదాపు 13 గంటలు ఉంటుంది. అప్పుడు విత్తిన గోంగూర రాత్రులు దీర్ఘమయ్యేంత వరకు ఆకులు వేస్తూ ఏపుగా పెరుగుతుంది. మలేషియాలో ఏడాదంతా పగలు, రాత్రి దాదాపు 12 గంటల చొప్పున ఉంటాయి. అందువలన ఇక్కడి గోంగూర చిన్న మొక్కగా ఉండగానే పూతకు సిద్ధపడుతుంది. పూత వస్తే ఆకు తగ్గిపోతుంది.

దీనికి ఉపాయం ఉన్నది. మొక్క ఒక అడుగు ఎత్తు పెరుగగానే తలచిగురును గిల్లివేయండి. ప్రక్కల నుండి కొత్త కొమ్మలు వస్తాయి, ఆకు పెరుగుతుంది. “మొక్కై వంగనిది మానై వంగునా” అన్నట్లు, ఈ పని లేతదశలోనే చేయాలి. ఒకసారి కోసినపుడు మూడవ వంతు ఆకులకు మించి కోయకండి. రెండు నెలలకొకసారి మరొక సంచిలో విత్తితే ఇంటిలో ఎప్పుడూ లేత ఆకు ఉంటుంది. రాత్రంతా దీపం వెలిగే చోట ఒక సంచిని, చీకటిగా ఉండే చోట మరొక సంచిని ఉంచి, ఏది ముందు పూస్తుందో నోటుపుస్తకంలో వ్రాసుకోండి.

మరువరాని రెండు జాగ్రత్తలు

మొదటిది దోమలు. సంచి క్రింద పెట్టే పళ్ళెంలో నీరు నిలిస్తే డెంగీ జ్వరాన్ని వ్యాపింపజేసే ఏడిస్ దోమ అక్కడ గ్రుడ్లు పెడుతుంది. గ్రుడ్డు నుండి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఆ గ్రుడ్లు నీరు ఎండిపోయినా నెలల తరబడి బ్రతికి, తిరిగి తడి తగలగానే పొదుగుతాయి. కనుక పళ్ళెంలోని నీటిని పారబోయడమే గాక, వారానికొకసారి అంచులను బ్రష్షుతో రుద్ది కడగాలి. ఇంటి ఆవరణలో దోమలు పెరిగే పరిస్థితి కల్పించడం 1975 నాటి మలేషియా చట్టం ప్రకారం నేరం కూడ. సంచిని పళ్ళెంలో కాక రెండు ఇటుకలపై ఉంచితే నీరు నిలువదు.

రెండవది బరువు. 10 కిలోల బియ్యపు సంచిలో తడిమట్టి నింపితే దాదాపు 15 కిలోలు తూగుతుంది. దానిని బాల్కనీ పిట్టగోడపైన గాని, కమ్ములకు వ్రేలాడదీసి గాని ఎన్నడూ ఉంచరాదు. అది జారిపడితే క్రింద నడిచేవారి ప్రాణాలకే ముప్పు. సంచులను నేలపైన, గోడకు చేర్చి ఉంచండి. వాటిపైకెక్కి చిన్న పిల్లలు కమ్ములను దాటే వీలు లేకుండా చూడండి.

విత్తనం దాచుకోవడం

ప్రతి సంచిలోను రెండు మొక్కలు ఉన్నాయి గదా! ఒకదాని తల గిల్లకుండా విడిచిపెట్టండి. అది పూసి, కాయలు కాచి, కాయలు గోధుమరంగుకు తిరిగి ఎండిన తరువాత గింజలను తీయండి. నీడలో మరికొన్ని రోజులు ఆరబెట్టి కాగితపు కవరులో పోసి, దానిపైన తెలుగులో “గోంగూర” అని, గింజలు తీసిన తేదీని వ్రాయండి. ఒక్క మొక్క నుండి మీకు కావలసినదానికంటె ఎక్కువ గింజలే వస్తాయి. వాటిలో పదింటిని తరగతికి తీసుకొనివచ్చి, ఇంకా విత్తని మీ స్నేహితునికో స్నేహితురాలికో ఇవ్వండి.