ఇంటిగుట్టును గ్రంథకర్తయు

‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని పెద్దలందురు. ఇది గృహములకే గాక రాజ్యములకును వర్తించునా యను వాదము ఒకనాటి రాత్రి మాకును మావారికిని జరిగినది. అందులకు కారణమొక గ్రంథము.

హైదరాబాదులో పెరిగిన సంజయ బారుగారు 2004 మొదలు 2008 వరకు ప్రధానమంత్రి మన్మోహన్ సింగుగారికి పత్రికా సలహాదారుగా నుండిరి. 2014 ఏప్రిలులో, లోక్‌సభ యెన్నికలు జరుగుచుండగా, వారి ‘ది యాక్సిడెంటల్ ప్రైమ్ మినిస్టర్’ అను ఆంగ్ల గ్రంథము వెలువడెను. ప్రధాని సత్పురుషుడే గాని అధికారము సోనియాగాంధీగారి యొద్ద నుండెననియు, ముఖ్యమైన దస్త్రములపై ఆమె యాదేశములు కోరబడుచుండెడివనియు అందు వ్రాసిరి. ప్రధాని కార్యాలయము వెంటనే ఖండించెను. దస్త్రమేదియు ఆమెకు చూపలేదనియు, ఆ వ్రాతలో కల్పన గలదనియు, పూర్వపదవిని లాభమునకు వాడుకొనిరనియు పలికెను. ప్రధాని కుమార్తె ఉపిందర్ సింగుగారు దానిని విశ్వాసద్రోహమనిరి. గ్రంథకర్త తన మాటపై నిలిచిరి.

ఉప్పు తిన్నవాడు గుట్టు విప్పరాదని మావారి తీర్పు. పేరు కలిసినందున మాకు భారతములోని సంజయుడు తలపునకు వచ్చెను. అతడును రాజునకు ఆంతరంగికుడే. కాని తప్పును ధృతరాష్ట్రుని యెదుటనే, కొలువులో నుండగనే చెప్పెను. కొలువు వీడిన ఆరేండ్లకు, ఎన్నికలవేళ చెప్పిన మాటకు ఆ గౌరవము రాదు. అట్లని మౌనమే ధర్మమనజాలము. రాజ్యము ఒకరి యిల్లు గాదు. ప్రజలకు తెలిసికొను హక్కు గలదు.

ఈ సంగతి మన సీమకును తగులుచున్నది. 1991 ఉపయెన్నికలో నాటి కర్నూలు జిల్లాలోని నంద్యాల పి.వి. నరసింహారావుగారిని లోక్‌సభకు పంపెను. తెలుగువాడు ప్రధాని యయ్యెనని తెలుగుదేశము పోటీకి అభ్యర్థిని నిలుపలేదు. ఆ 1991 చరిత్రను 2016లో గ్రంథముగా వ్రాసినవారును బారుగారే. దానిని తెరువబోవగా మా చేయి క్షణమాగెను. ఒక గ్రంథముచేత కలిగిన శంక రెండవదానికిని అంటుకొనును. పరువు పోవుట యనగా నిదియే.

అయినను పుస్తకమును మూయవలదు. చదువునపుడు గ్రంథకర్త కన్నదేది, విన్నదేది, ఊహించినదేది యని వేరుచేయుడు. 2008 తరువాతి సంగతులు ఆయన ఆ కార్యాలయమున నుండి చూచినవి గావు, పి.వి.గారి కొలువులో ఆయన లేనేలేరు. ఖండించినవారి స్వార్థమును గూడ తూచుడు. నీరు పడునని యొకరన్నంత మాత్రమున మన సీమలో బావి నిండదు, పడదన్నంత మాత్రమున ఎండదు. త్రవ్వి చూడవలయును.