సముద్రం దాటి శాంకరీదేవి దర్శనం: అయిదు పగళ్ళ యాత్రకు ఒక లెక్క

అష్టాదశ శక్తిపీఠాలలో నాలుగు మన తెలుగునేల మీదనే ఉన్నాయి. పిఠాపురంలో పురుహూతికాదేవి, ద్రాక్షారామంలో మాణిక్యాంబ, శ్రీశైలంలో భ్రమరాంబ, అలంపురంలో జోగులాంబ భక్తులను అనుగ్రహిస్తున్నారు. ఒడిశాలోని జాజ్‌పూర్ గిరిజాదేవి సన్నిధి కూడా మన ఉత్తరాంధ్ర వారికి ఒక రాత్రి రైలు ప్రయాణమే. అయితే వరుసలో మొట్టమొదట చెప్పుకొనే శాంకరీదేవి మాత్రం సముద్రానికి ఆవల, శ్రీలంక తూర్పుతీరంలోని త్రికోణమలైలో వెలసి ఉంది.

చీపురుపల్లి శ్రీ కనకమహాలక్ష్మి అమ్మవారి సన్నిధిలో కలిసినప్పుడు పలువురు భక్తులు నన్ను రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. సామాన్య కుటుంబీకులకు ఆ దర్శనం సాధ్యమా? ఉద్యోగంలో సెలవు నాలుగు రోజులకు మించి దొరకని వారు వెళ్ళి రాగలరా? నేను ఆరుగురు సభ్యుల చిన్న బృందంతో ఆ యాత్ర చేసి వచ్చాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. సాధ్యమే, కాని ఒక నియమం ఉంది. తక్కువ రోజులు, తక్కువ ధనం ఉన్నవారు ఒకే క్షేత్రాన్ని లక్ష్యంగా పెట్టుకోవాలి. దారిలో ఒక ఆలయం కలిస్తే అది అమ్మవారి అదనపు అనుగ్రహం.

లంక మనకు కొత్త కాదు

మన ప్రాంతానికీ లంకకూ గల సంబంధం ప్రాచీనమైనది. కళింగ రాకుమారి హేమమాల, ఆమె భర్త దంతకుమారుడు 4వ శతాబ్దంలో బుద్ధుని దంతధాతువును దంతపురం నుండి లంకకు చేర్చారని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. ఆమదాలవలస సమీపంలోని దంతపురమే ఆ నగరమని కొందరు పండితుల అభిప్రాయం. 1187 నుండి 1196 వరకు పొలొన్నరువ రాజధానిగా లంకను ఏలిన నిశ్శంకమల్లుడు తాను కళింగంలోని సింహపురంలో జన్మించినట్లు శాసనాలలో చెప్పుకొన్నాడు. శ్రీకాకుళం దగ్గరి సింగుపురమే ఆ సింహపురమని భావించే చరిత్రకారులున్నారు. ఓడలు తప్ప వేరు దారి లేని కాలంలోనే మన తీరంవారు అక్కడికి వెళ్ళివచ్చారు. నేడు చెన్నై నుండి కొలంబోకు విమానంలో గంటన్నర ప్రయాణం. గడియారం ముల్లును మార్చుకోవలసిన అవసరం కూడా లేదు, రెండు దేశాలకూ సమయం ఒక్కటే.

క్షేత్ర వైభవం

త్రికోణమలైలో సముద్రంలోనికి చొచ్చుకొనిపోయిన నిట్రమైన కొండను స్వామిమలై అంటారు. దాని శిఖరాన కోణేశ్వరస్వామి ఆలయం, దానిని ఆనుకొని శాంకరీదేవి సన్నిధి ఉన్నాయి. 7వ శతాబ్దపు శైవాచార్యుడు తిరుజ్ఞాన సంబంధర్ ఈ స్వామిని కీర్తించారు. తేవార గీతాలు పొందిన క్షేత్రాలలో లంకలో ఉన్నవి రెండే. ఒకటి ఇది, రెండవది మన్నారు సమీపంలోని కేతీశ్వరం.

1622లో పోర్చుగీసువారు ఈ మహాలయాన్ని పడగొట్టి, ఆ రాళ్ళతోనే కోట కట్టుకున్నారు. తరువాత ఆంగ్లేయులు దానికి ఫ్రెడరిక్ కోట అని పేరు పెట్టారు. ఆలయం శిథిలమైనా ఆరాధన ఆగలేదు. భక్తులు శతాబ్దాల పాటు ఆ కొండ కొసన నిలిచి సముద్రానికే పూజ చేశారు. 1950లో ఆ పట్టణంలో బావి తవ్వుతుండగా భూమిలో దాచిన పంచలోహ విగ్రహాలు బయటపడ్డాయి. 1956లో రచయిత ఆర్థర్ క్లార్క్, ఆయన మిత్రుడు మైక్ విల్సన్ కొండ కింది సముద్రగర్భంలో మునకలు వేసి పాత ఆలయ స్తంభాలను, శిల్పాలను చూశారు. పునర్నిర్మించిన ఆలయంలో 1963లో విగ్రహాలను తిరిగి ప్రతిష్ఠించారు. ఈ వృత్తాంతం తెలుసుకొని వెళితే, ఆ కొండకొసన కాసేపైనా కూర్చోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకు సమయం మిగలాలి. యాత్ర లెక్క అంతా ఆ సమయం కోసమే.

పది క్షేత్రాల ఆశ

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. మేమంతా పిన్నిగారనే పిలుస్తాము. ఆమె తన పింఛను నుండి మూడేళ్ళు కూడబెట్టి, ఒక యాత్రాసంస్థతో లంకకు వెళ్ళారు. అయిదు రోజులలో పది క్షేత్రాలు చూపిస్తామని కరపత్రంలో ఉంది. అన్నీ చూపించారు కూడా. కాని త్రికోణమలై చేరేసరికి చీకటి పడింది. అమ్మవారి ఎదుట ఆమెకు దక్కినది పావుగంట. "దర్శనమైంది బాబూ, నమస్కారం మాత్రం మిగిలిపోయింది" అని ఆమె అన్న మాట నేను మరువలేను. ఆమెకు డెబ్బయ్యేళ్ళు. రెండవసారి వెళ్ళే ఓపికా లేదు, ధనమూ లేదు. ఆ సంస్థ మోసం చేసిందని నేను అనను. లంకలో రహదారులు ఇరుకైనవి, వేగం తక్కువ. అక్కడ 250 కిలోమీటర్లంటే ఆరేడు గంటలు. పది క్షేత్రాలంటే పగలంతా వాహనంలోనే గడుస్తుంది.

అయిదు పగళ్ళ వరుస

మేము అనుసరించిన క్రమం ఇది. శుక్రవారం మధ్యాహ్నం చీపురుపల్లి నుండి విశాఖపట్నం చేరి, అక్కడ నుండి రాత్రి ప్రయాణంగా చెన్నైకి రైలు పట్టాము.

మొదటి రోజు, శనివారం: ఉదయం చెన్నై, సాయంత్రం విమానం. కొలంబో విమానాశ్రయం నగరంలో లేదు, దానికి ముప్పై కిలోమీటర్లకు పైగా ఉత్తరాన కటునాయకలో ఉంది. కనుక కొలంబో నగరంలోనికి పోకుండా, పక్కనే సముద్రతీరాన ఉన్న నీగొంబోలో బస చేయాలి. దీనివలన రాకపోకలలో రెండు మూడు గంటలు మిగులుతాయి.

రెండవ రోజు, ఆదివారం: తెల్లవారుజామున బయలుదేరి చిలాపం పట్టణం దగ్గరి మున్నేశ్వరం దర్శనం. రావణవధానంతరం శ్రీరాముడు ఇక్కడ శివుని పూజించినట్లు స్థలపురాణం. అక్కడ నుండి కురునెగల, దంబుల్ల మీదుగా సాయంత్రానికి త్రికోణమలై చేరాలి. ఆ రాత్రి విశ్రాంతి తప్ప మరేమీ పెట్టుకోరాదు.

మూడవ రోజు, సోమవారం: ఇది అమ్మవారి రోజు. ఉదయపు పూజకు కొండపై ఉండాలి. మధ్యాహ్నం ఆలయం మూసే వేళ కన్నియా వేడినీటి బావులు చూడవచ్చు. పట్టణానికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఏడు చిన్న బావులున్నాయి. రావణుడు తన తల్లికి ఉత్తరక్రియలు జరపడానికి వాటిని కల్పించాడని ఐతిహ్యం. సాయంకాలం తిరిగి కొండకు వచ్చి, హారతి వరకు ఉండాలి.

నాలుగవ రోజు, మంగళవారం: తిరిగి నీగొంబో. అయిదవ రోజు, బుధవారం: ఉదయపు విమానంలో చెన్నై, సాయంత్రం రైలు. గురువారం ఇంటికి చేరతాము. సోమవారం నుండి గురువారం వరకు నాలుగు రోజుల సెలవు సరిపోతుంది.

ఇందులో ప్రమాదస్థలం ఒక్కటే: చెన్నైలో రైలు దిగడానికీ విమానం ఎక్కడానికీ మధ్య వ్యవధి. విమానాశ్రయంలో మూడు గంటల ముందు ఉండాలి. రైలు ఆలస్యమైతే విమానసంస్థ బాధ్యత వహించదు, టికెట్టు సొమ్ము పోతుంది. కనుక కనీసం ఎనిమిది గంటల వ్యవధి ఉంచుకోవాలి. విశాఖ నుండే విమానంలో వెళ్ళదలచినవారు విశాఖ, చెన్నై, కొలంబో ప్రయాణాన్ని ఒకే టికెట్టుగా తీసుకుంటే, మొదటి విమానం ఆలస్యమైనా తరువాతి విమానంలో చోటు చూపే బాధ్యత సంస్థదే అవుతుంది.

ఓడ ప్రయాణం సంగతి

నాగపట్నం నుండి లంక ఉత్తరతీరంలోని కాంకేశన్‌తురైకి ప్రయాణికుల ఓడ 2023 అక్టోబరు 14న ప్రారంభమైంది. కొంతకాలం ఆగి, 2024 ఆగస్టులో తిరిగి మొదలైంది. దూరం సుమారు 110 కిలోమీటర్లు, ప్రయాణం నాలుగు గంటలు. 1914 నుండి 1964 తుపాను వరకు ధనుష్కోడి, తలైమన్నారుల మధ్య నడిచిన ఓడల జ్ఞాపకం పెద్దలకు దీనివలన మళ్ళీ కలిగింది. అయితే మన వారికి చెన్నై దాటి నాగపట్నం చేరడానికే మరొక రాత్రి పడుతుంది. ఓడ దిగిన తరువాత త్రికోణమలైకి మళ్ళీ 200 కిలోమీటర్లకు పైగా రోడ్డు ప్రయాణం. వాతావరణాన్ని బట్టి ఓడ నిలిచిపోవడమూ కద్దు. యాళ్పాణం నల్లూరు కుమారస్వామిని, కీరిమలై నగులేశ్వరుని దర్శించే యాత్రకు ఓడ యోగ్యం. అయిదు పగళ్ళ శాంకరీ యాత్రకు విమానమే తగినది.

ఏ మాసంలో వెళ్ళాలి?

లంకలో రెండు తీరాలకు రెండు వానకాలాలు. మే నుండి సెప్టెంబరు వరకు నైరుతి వానలు పడమటి తీరంలో కురుస్తాయి. అప్పుడు తూర్పున త్రికోణమలైలో ఆకాశం నిర్మలంగా, సముద్రం శాంతంగా ఉంటుంది. అక్టోబరు నుండి జనవరి వరకు ఈశాన్య రుతుపవనాలు తూర్పుతీరాన్ని ముంచెత్తుతాయి. ఆ నెలలలోనే మన తీరానికీ తుపానులు వచ్చి రైళ్ళు నిలిచిపోతాయి. కార్తికం పుణ్యమాసమే అయినా ఈ యాత్రకు అనుకూలం కాదు. మార్చి నుండి సెప్టెంబరు వరకు ఉత్తమం.

ధనం లెక్క

ఖర్చును నాలుగు భాగాలుగా చూడాలి: విమానం, వాహనం, బస, భోజనం. విమానం టికెట్టును రెండు మూడు నెలల ముందు, వారం మధ్య రోజులకు చూసుకుంటే తగ్గుతుంది. వాహనం అద్దె అయిదారుగురు పంచుకుంటేనే భారం కాదు. ఇద్దరే వెళ్ళేవారికి కొలంబో నుండి త్రికోణమలైకి బస్సులు, రైలు చవక. అయితే బయలుదేరే ముందు రైలు నడుస్తున్నదో లేదో విచారించుకోవాలి. మన రూపాయికి వారి రూపాయలు ఇటీవలి సంవత్సరాలలో మూడుకు పైగా వస్తున్నాయి. 2024 ఫిబ్రవరి నుండి లంకలో యూపీఐ చెల్లింపులు అనుమతించారు, కాని చిన్న దుకాణాలకు, ఆటోలకు నగదే కావాలి. భారతీయ నగదు మనిషికి 25,000 రూపాయల వరకే వెంట తీసుకొనిపోవచ్చు.

యాత్రాసంస్థ ద్వారా వెళ్ళేవారి నుండి టీసీఎస్ అనే పన్ను ముందుగానే వసూలు చేస్తారు. రసీదు జాగ్రత్త పరచుకుంటే ఆదాయపు పన్ను రిటర్నులో దానిని సర్దుబాటు చేసుకోవచ్చు. సంస్థను ఒక్క ప్రశ్న తప్పక అడగండి: త్రికోణమలైలో ఎన్ని గంటలు ఉంటాము? జవాబు కాగితం మీద రాయించుకోండి.

బంగారం తాకట్టు పెట్టి ఈ యాత్రకు వెళ్ళవద్దని నా విన్నపం. వడ్డీ చింత వెంట ఉంటే కొండపై నిలిచినా మనస్సు అక్కడ నిలువదు. ఒక ఏడాది ఆగి, నెలనెలా దాచుకొని వెళ్ళండి.

పత్రాలు, జాగ్రత్తలు

పాస్‌పోర్టుకు సాధారణ రుసుము 1,500 రూపాయలు. ప్రయాణ తేదీ నుండి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఇంటిపేరు, పేరు ఆధార్‌లోనూ పాస్‌పోర్టులోనూ ఒకే తీరుగా ఉన్నాయో చూసుకోండి. విమానం టికెట్టులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉండాలి. పదవ తరగతి చదవని కొందరి పాస్‌పోర్టుపై ఈసీఆర్ అని ఉండవచ్చు. అది కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్ళేవారికి సంబంధించినది, లంక యాత్రకు అడ్డు కాదు. లంక ప్రభుత్వపు ఈటీఏ అనుమతిని ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. దాని రుసుము నియమాలు పలుమార్లు మారాయి కనుక అధికారిక వెబ్‌సైటులోనే చూడండి, మధ్యవర్తులకు సొమ్ము ఇవ్వకండి.

కోట ద్వారం నుండి ఆలయం వరకు ఎత్తు దారి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఆటోలో పైకి వెళ్ళవచ్చు. మధ్యాహ్నం రాతినేల కాలుతుంది, ఉదయమే మేలు. కొన్ని ఆలయాలలో పురుషులు చొక్కా తీసి లోపలికి వెళ్ళాలి, పంచె, కండువా తీసుకొని వెళ్ళండి. త్రికోణమలైలో తమిళం నడుస్తుంది. శాకాహార భోజనశాలలను అక్కడ సైవ కడై అంటారు. మిగిలిన చోట్ల కొబ్బరి పచ్చడిలో సైతం ఎండుచేప పొడి కలిపే అలవాటు ఉంది, అడిగి తినండి. రోజూ వేసుకొనే మందులను వైద్యుని చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

మా బృందంలో నలుగురు అరవై దాటినవారు. సోమవారం సాయంత్రం హారతి ముగిసిన తరువాత ఎవరూ వాహనం వైపు తొందరపడలేదు. కొండకొసన గోడ దగ్గర కూర్చొని, చీకటిలో అలల చప్పుడు వింటూ గంటసేపు నామజపం చేసుకున్నారు. చూడని క్షేత్రాల జాబితా పెద్దదే. ఆ గంట మాత్రం పూర్తిగా వారిదే అయింది. సంకల్పించిన ప్రతి భక్తునికీ అటువంటి గంట ఒకటి లభించాలని శాంకరీదేవిని ప్రార్థిస్తున్నాను.