ఒక కనెక్టరుకు ఎన్ని ఫ్యాన్లు?

ఎండాకాలంలో మా హాస్టల్ కంప్యూటరు వేడెక్కి ఆగిపోయేది. క్యాబినెట్‌కు మూడు ఫ్యాన్లు బిగించాలనుకున్నాం. మదర్‌బోర్డుపై ఖాళీ కనెక్టరు ఒక్కటే ఉంది. 'వై' కేబుల్‌తో మూడింటినీ దానికే కలపవచ్చు, కానీ ముందు లెక్క చూడాలి.

సాధారణంగా ఒక కనెక్టరు 12 వోల్టుల వద్ద 1 ఆంపియరు వరకే ఇస్తుంది. ఫ్యాను స్టిక్కరుపై అది తీసుకునే కరెంటు రాసి ఉంటుంది. సమాంతర సంధానంలో కరెంటులు కూడతాయని పదో తరగతిలో చదివాం కదా! మా ఫ్యాన్లు 0.25 చొప్పున మూడూ కలిపి 0.75 ఆంపియర్లు, ఫరవాలేదు. అదే 0.4 చొప్పున అయితే 1.2, కనెక్టరు కాలి బోర్డే పోవచ్చు. అప్పుడు పవర్ సప్లై నుంచి నేరుగా కరెంటు తీసుకునే ఫ్యాన్ హబ్ వాడాలి.

మరో జాగ్రత్త: వేగం తెలిపే తీగ ఒక్క ఫ్యానుదే బోర్డుకు చేరాలి. లేకుంటే సంకేతాలు కలిసి తప్పు వేగం చూపిస్తుంది.

పరీక్ష కోసం చదివిన సూత్రమే మా కంప్యూటరును కాపాడింది.