వేగమునకు తెగువ యొక్కటే చాలదు

కార్తిక అమావాస్య మొదలు అయిదు దినములు కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవములు జరుగును. వీరాచారవంతులు కొణతములను మోసికొని పోయి నాగులేటి నీట శుద్ధిచేసి వీరుల గుడికి మరలింతురు. ఎనిమిది వందల ఏండ్ల నాటి ఆ దాయాదుల పోరును తలచికొని జనులు నేటికిని కంట తడి పెట్టుదురు. ఆ దినములలో గురజాల, మాచర్ల, నరసరావుపేట త్రోవలు మోటారు సైకిళ్ళతో నిండిపోవును. ఒక్కొక్క బండిపై ముగ్గురేసి యువకులు. తలపై హెల్మెటు ఉండదు. ముందుపోవు బస్సును మలుపులోనే దాటవలయునను ఆత్రము. చూచిన పెద్దలు కొందరు మందలింపక, "బాలచంద్రుడు తిరిగిన గడ్డ గదా!" యని మురియుదురు. ఈ మురిపెమే మన యిండ్ల దీపములార్పుచున్నది. కావున వేగమునే వ్రతముగా పట్టినవారు లోకములో ఏమి చేసిరో, ఎట్లు చేసిరో తెలిసికొనుట అవసరమని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అమెరికాలోని యూటా రాష్ట్రమున బోన్నెవిల్లె యను ఉప్పునేల యున్నది. పూర్వము మహాసరస్సుగా నుండి ఎండిపోయిన ప్రదేశమది. చెట్టు లేదు, పుట్ట లేదు, అడ్డువచ్చు పశువు లేదు. భూమిపై అత్యంత వేగముగా పోవు వాహనము తమదే యని నిరూపింప గోరువారు అక్కడికి పోవుదురు. అచటి నియమము కఠినమైనది. ఒక దిక్కునకు పరుగెత్తిన చాలదు. మరల ఎదురు దిక్కున గూడ పరుగెత్తవలెను. రెండు పరుగుల సరాసరియే లెక్కకు వచ్చును. వెనుకగాలి తోడ్పాటుతో గెలిచి మీసము దువ్వుటకు వీలులేదు.

ఆ వీరులకు శత్రువు మరియొక రౌతు గాడు, గాలి. తూర్పారబట్టు రైతునకు గాలి సంగతి చెప్పనక్కరలేదు. చేటలోని ధాన్యమునుండి పొట్టును మాత్రమే ఎగురగొట్టు ఆ గాలియే, వేగముగా పోవువానికి ఎదురైనపుడు గోడవలె నిలుచును. వేగము రెండింతలైనచో గాలి యడ్డగింపు నాలుగింతలగును. దానిని త్రోసికొని పోవుటకు కావలసిన శక్తి ఎనిమిదింతలగును. ఒక బండికి గంటకు 80 కిలోమీటర్ల వేగమున గాలిని చీల్చుటకు 5 అశ్వశక్తి చాలుననుకొందము. 160 కిలోమీటర్లకు 40 కావలెను. 320 కిలోమీటర్లకు 320 కావలెను. ఇక మార్గములు రెండే: ఇంజనును పెంచుట, లేదా గాలికి తగులు దేహమును ఒదిగించుట. మొదటిది ధనముతో నగును. రెండవది బుద్ధితో గాని కాదు.

చరిత్రయే దీనికి సాక్షి. 1907లో గ్లెన్ కర్టిస్ అను అమెరికావాడు ఎనిమిది సిలిండర్ల ఇంజనును బండికి బిగించి, ఏ కప్పును లేక, గంటకు 136 మైళ్ళ వేగమున పోయెను. 1930లో జో రైట్ అను ఆంగ్లేయుడు ఐర్లండులోని కార్కు వద్ద 1000 సి.సి. ఇంజనుతో 242 కిలోమీటర్ల వేగమందుకొనెను. 1937లో ఎరిక్ ఫెర్నీహో హంగరీ దేశమున అంతటి ఇంజనుతోనే 273 కిలోమీటర్లు సాధించెను. ఆ సంవత్సరాంతముననే జర్మనీ రౌతు ఎర్నెస్టు హెన్నె 500 సి.సి. బండిపై, అనగా సగము ఇంజనుతో, 279.5 కిలోమీటర్లకు పోయెను. హెన్నె బండికి రౌతును సైతము దాదాపు కప్పివేసిన లోహపు కవచముండెను. ఆ రికార్డును 1951 వరకు ఎవ్వరును దాటలేకపోయిరి. 1956లో బోన్నెవిల్లెలో ముల్లర్ అను మరియొక జర్మనుడు, మన పల్లెలలో పాలక్యానులు మోయు బండ్లంతటి 125 సి.సి. ఇంజనుతో, చేపవంటి కవచములో పరుండి ఇంచుమించు 240 కిలోమీటర్ల వేగమందుకొనెను. 1000 సి.సి. ఇంజను చేసిన పనిని ఎనిమిదవ వంతు ఇంజను చేసినది! ఇంజను విద్య ఆ నడుమ పెరిగిన మాట నిజమే. అయినను అందలి గెలుపులో పెద్దపాలు ఆకారమునదే.

ఈ ఆకారమును నిర్మించుట ఎట్లు? ముక్కు సూదివలె నుండిన చాలునని పలువురు భ్రమింతురు. చిక్కంతయు వెనుక నున్నది. బండి చీల్చిన గాలి వెనుక చక్కగా కలియనిచో సుడులు పుట్టి దానిని వెనుకకు లాగును. కావున తల గుండ్రముగాను, తోక పొడవుగాను, క్రమముగా సన్నగిలునట్లుగాను చేయుదురు. రౌతు కూర్చుండడు, వెల్లకిల పరుండి కాళ్ళు ముందుకు చాచును. అల్యూమినియపు రేకుతోనో ఫైబరు గ్లాసుతోనో కవచము చేసి, నునుపు తేల్చి, ప్రతి అతుకును మూయుదురు. కాలు నేల మోపుటకు వీలులేదు గనుక నిలిచియున్నపుడు పడిపోకుండ ప్రక్కలకు చిన్న ఊతకాళ్ళు అమర్చి, వేగమందుకొన్న పిమ్మట వానిని పైకి మడచుదురు. ఆపుటకు బ్రేకులు చాలవు. వెనుక పారాచూటు విచ్చుకొనవలెను.

అన్నింటికంటె భయంకరమైనది ప్రక్కగాలి. కవచము ఎంత పెద్దదైన అంతగా ప్రక్కగాలికి తెరచాప యగును. గాలి యొత్తిడి పనిచేయు కేంద్రము బరువు కేంద్రమునకు వెనుక నుండవలెను. బాణమునకు వెనుక ఈకలు కట్టుటలోని రహస్యమిదే. ఈ లెక్క తప్పినచో మూల్యము ప్రాణమే. ఫెర్నీహో 1938లో మరల ప్రయత్నించుచు హంగరీలోనే మరణించెను. పరుండి నడుపు జర్మను బండ్లకు రూపకల్పన చేసిన గుస్తావ్ బౌమ్ 1955లో తన బండిని పరీక్షించుచు అసువులు బాసెను. 2016లో సామ్ వీలర్ బోన్నెవిల్లెలోనే పడి చనిపోయెను. వీరు ప్రమాదమును ఎరుగనివారు గారు. కొలిచి, తగ్గించి, మిగిలినదానికి సిద్ధపడినవారు. వారు పణముగా నొడ్డినది తమ ప్రాణమునే గాని త్రోవను పోవు కూలివాని ప్రాణమును గాదు.

ధనవంతులకే ఇది సాధ్యమందురేమో! న్యూజిలాండులోని ఇన్వర్‌కార్గిల్ అను చిన్న పట్టణమున బర్ట్ మన్రో యనువాడుండెను. 1920లో అతడొక ఇండియన్ స్కౌటు బండిని కొనెను. ఆ పేరు అమెరికా ఆదివాసులను సూచించునదే గాని మనకు సంబంధించినది గాదు. గంటకు 55 మైళ్ళు పోవు 600 సి.సి. బండి యది. దానినే అతడు నలువది ఏడేండ్లు సవరించుచు పోయెను. పిస్టనులను పాతలోహము కరగించి తానే పోతపోసెను. కవచమును తన కొట్టములోనే మలచెను. విరిగిన భాగములను పారవేయక బీరువా తట్టుపై వరుసగా పేర్చి "వేగదేవతకు నైవేద్యములు" అని వ్రాసికొనెను. 1967లో, తన 68వ యేట, 950 సి.సి.కి పెంచిన ఆ పాతబండితోనే బోన్నెవిల్లెలో గంటకు సుమారు 184 మైళ్ళ రికార్డు నెలకొల్పెను. అతడు 1978లో మరణించెను. నాటి లెక్కలో దొరలిన చిన్న దోషమును 2014లో సరిదిద్ది అధికారులు అంకెను 184.087గా మార్చిరి. కొలతయెడల వారికి గల శ్రద్ధ అట్టిది! 2010 సెప్టెంబరులో రాకీ రాబిన్సన్ రెండు ఇంజనుల బండిపై గంటకు 605 కిలోమీటర్లు దాటెను. ఆ ఘనకార్యమునకు మేము తలవంచుదుము. కాని మన బిడ్డలకు ఆదర్శముగా మన్రోనే చూపుదుము.

మనకేమి కొరత? 2018లో చెన్నపట్టణ ప్రాంతపు కర్మాగారమున పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డు బండిని సవరించి, 18 ఏండ్ల అమెరికా యువతి కేలా రివాస్ అదే ఉప్పునేలపై గంటకు 150 మైళ్ళు దాటించినది. బండి మనది, దానిని ఆ వేగమునకు సిద్ధపరచిన హస్తము మనదిగాదు. 1959లో స్థాపింపబడిన జాతీయ వైమానిక పరిశోధనశాల నేడు బెంగుళూరులో నున్నది. గాలిసొరంగములలో ఆకారములను పరీక్షించు శాస్త్రజ్ఞులు అచట కలరు. ఇండోరు సమీపమున పీథంపూరులో 11.3 కిలోమీటర్ల వేగపరీక్షా మార్గము 2021లో తెరువబడినది. విజయవాడ ఆటోనగరులో రేకును మైనమువలె వంచగల పనివారున్నారు. లేనిదేమనగా, వీరందరు కలిసి కూర్చుండు పంక్తి. లెక్కలెరిగినవాడు లేతు ముట్టడు. లేతు త్రిప్పువానిని లెక్కలవాడు పలుకరింపడు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టిన సీమలో ఈ మాట చెప్పవలసి వచ్చినందుకు సిగ్గగుచున్నది.

తాగునీటికి, సాగునీటికి కటకటలాడు పల్నాటికి ఈ వేగముల గోల యేల యని కొందరు ఆక్షేపింపవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ప్రపంచ రికార్డు కొరకు కోట్లు కుమ్మరింపుడని మేము కోరుటలేదు. గాలికి ఒదిగిన ఆకారము తక్కువ ఇంధనముతో ఎక్కువ దూరము పోవును. ఈ విద్య లారీకిని, బస్సునకును, విద్యుత్ బండికిని అక్కరకు వచ్చును. మన పాలిటెక్నిక్కులలో ఏటేట నొక చిన్న బండికి కవచము కట్టించి, కొలిచి, తప్పు దిద్దించి, మూసిన మార్గముపై తగిన రక్షణతో నడిపించినచో చాలు.

భూస్వాములకు, పట్టణ పెద్దలకు మా మనవి యొక్కటే. కుమారుడు ముచ్చటపడినాడని బండి కొనియిచ్చి తాళము చేతబెట్టుటతో మీ బాధ్యత తీరలేదు. హెల్మెటు లేనిదే వాకిలి దాటనీయకుడు. వానికి వేగముపై నిజమైన మక్కువ యున్నచో మెకానిక్కు షెడ్డునకు పంపుడు. చేతులకు నూనె అంటనిండు. ఒక పిస్టను విప్పి మరల బిగింపనిండు. వానికి పదిమంది తోడైనచో ఒక షెడ్డునకు, ఒక లేతునకు చందా వేసికొనుడు. వచ్చు కార్తికమున కారంపూడికి వచ్చు యువకులలో కొందరైనను అట్టి షెడ్డునుండి వచ్చినవారు కావలెను. వారందరును ఉత్సవము చూచి క్షేమముగా ఇల్లు చేరవలెను.