డిస్కౌంటు కోడు: కథా కమామిషు

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం నాకో ఫోను వచ్చింది. చేసినావిడ, వాళ్ళాయన కలిసి పాత తెలుగు సినిమా పాటల మీద ఇంటర్‌నెట్‌లో ఒక ఆడియో కార్యక్రమం నడుపుతున్నారు. పదిహేను రోజులకొక పాట తీసుకుని, రాగమేమిటి, రాసిందెవరు, వెనక వాయించిందెవరు, అన్నీ ముచ్చటగా చెబుతారు. ఇద్దరూ ఉద్యోగస్థులే. పిల్లలు పడుకున్నాక వంటగదిలో మైకు పెట్టుకుని రికార్డు చేస్తారు. ఫ్రిజ్ చప్పుడు కూడా ఒక్కోసారి తాళంలో వినబడుతుంది. ఆ కార్యక్రమం అభిమానులం ఓ నాలుగు వందల మందిమి వాట్సాప్‌లో ఒక గ్రూపుగా ఉన్నాం.

"మీరు సాఫ్ట్‌వేరు వారు కదా, చిన్న సాయం కావాలండీ" అన్నారావిడ. "మా స్పాన్సరు కంపెనీ వాళ్ళు, మా కోడుతో మూడు నెలల్లో నలుగురే చేరారంటున్నారు. మన గ్రూపులో చూస్తే పదిహేను మంది చేరామని రాశారు. వాళ్ళ సిస్టంలో ఏదైనా బగ్గు ఉందేమో! వాళ్ళని ఎలా అడగాలో కాస్త చెబుతారా?"

బగ్గు వాళ్ళ సిస్టంలో లేదు. ఫోనుకి ఇవతలి కొసన ఉంది.

ఆ స్పాన్సరు ఇండియాకి డబ్బు పంపించే కంపెనీ. కార్యక్రమం మొదట్లో ఆయన చదివే కోడు వాడితే మొదటిసారి పంపే డబ్బుకి మంచి రేటు ఇస్తారు. నేను ఆ కంపెనీకి పాత ఖాతాదారుణ్ణి. పాత ఖాతాదారు ప్రతివాడికీ వాళ్ళొక సొంత కోడు ఇస్తారు. దానితో కొత్తవాళ్ళు చేరితే వాళ్ళకి 20 డాలర్లు, నాకు 20 డాలర్లు. గ్రూపులో ఎవరో "డబ్బు పంపడానికి ఏది మంచిదండీ?" అని అడిగితే నా కోడు పెట్టాను. "దీనితోనే ఎక్కువ లాభం" అని కూడా రాశాను. పదకొండు మంది చేరారు. నాకు 220 డాలర్లు వచ్చాయి. నాకూ కొంత వస్తుందని ఎక్కడా రాయలేదు. దాచాలని కాదు, ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు. ఇలా అనుకునే మనలో చాలామంది చాలా విషయాలు చెప్పకుండా గడిపేస్తుంటాం.

ఈ కోడు అసలు దేనికో చూద్దాం. అది తగ్గింపు ఇవ్వడానికి అని మనం అనుకుంటాం. కంపెనీకి మాత్రం అది లెక్కల పుస్తకం. ఎవరి మాట విని ఎవరు వచ్చారో తెలుసుకోవడానికి వాళ్ళు ఇచ్చే తాయిలమే ఆ తగ్గింపు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. అమెరికాలో మొదటి కూపనుగా అందరూ చెప్పుకునేది 1887లో కోకాకోలా వాళ్ళు పంచిన ఉచిత పానీయం చీటీని. తరవాత పత్రికల ద్వారా సరుకు అమ్మేవాళ్ళు ఇంకో ఉపాయం కనిపెట్టారు. ప్రకటనలో చిరునామా పక్కన "డిపార్ట్‌మెంటు 14" అనో, "డెస్కు 7" అనో వేసేవారు. అలాంటి డిపార్ట్‌మెంటు ఉండేది కాదు. ఉత్తరం మీద ఆ అంకె చూస్తే ఏ పత్రిక చదివి రాశారో తెలుస్తుంది, అంతే. చిన్నప్పుడు వారపత్రికలో "ఈ కూపను కత్తిరించి పంపండి" అన్నచోట కత్తెరతో తంటాలు పడినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. ఆ కూపను మూలన అచ్చయిన చిన్న అక్షరాలు దేనికో నాకు ఇంజనీరింగు చదివాక కూడా తట్టలేదు.

ఇంటర్‌నెట్‌లో ఈ పని కుకీ చేస్తుంది. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేసే లూ మోంటుల్లీ దాన్ని కనిపెట్టాడు. మీ కంప్యూటర్లో వెబ్‌సైటు దాచుకునే చిన్న గుర్తు అది. 1996లో అమెజాన్ తన అసోసియేట్స్ పథకం పెట్టింది. మీరిచ్చిన లింకు నొక్కి ఎవరైనా పుస్తకం కొంటే మీకు కమిషను. ఆడియో కార్యక్రమానికి ఆ సదుపాయం లేదు. కారు నడుపుతూ వినేవాడు దేన్ని నొక్కుతాడు? ఎంతమంది దించుకున్నారో తెలుస్తుంది గానీ, ప్రకటన విని ఎవరు కదిలారో తెలియదు. అందుకే నోటితో చెప్పగలిగే, చెవితో విని గుర్తుపెట్టుకోగలిగే మాటని కోడుగా ఇస్తారు. ఆ కార్యక్రమం తరఫున కంపెనీ ముందు సాక్ష్యం చెప్పేది అదొక్కటే. నేను చేసిందల్లా ఆ సాక్షిని కోర్టుకి రానివ్వకపోవడం.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఒకే మనిషి ముగ్గురి ద్వారా వస్తే కమిషను ఎవరిది? చాలా కంపెనీలు పాటించే పద్ధతి, చివరి లింకు ఎవరిదైతే మొత్తం వాళ్ళకే. ఆరు నెలలు తిరిగి సంబంధం కుదిర్చిన పేరయ్య ఒకడైతే, తాంబూలాల నాడు పీటల పక్కన కూర్చున్న పేరయ్య సంభావన పట్టుకుపోయినట్టన్నమాట. 2024 డిసెంబరులో హనీ అనే బ్రౌజరు పనిముట్టు మీద పెద్ద గొడవ లేచింది. అది మీరు కొనే సమయానికి కూపన్లు వెతికిపెడుతుంది. పేపాల్ దాన్ని సుమారు 400 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2019లో ప్రకటించింది. కూపను దొరికినా దొరక్కపోయినా చివరి క్షణంలో అది తన గుర్తు పెట్టి, అంతకుముందు సిఫారసు చేసినవాళ్ళ గుర్తు తుడిచేస్తోందని ఒక యూట్యూబరు వీడియోలో ఆరోపించాడు. చివరి క్లిక్కు పద్ధతి పరిశ్రమలో అందరూ పాటించేదేనని పేపాల్ జవాబిచ్చింది. తరవాత కోర్టుల్లో దావాలు పడ్డాయి. 2025 మార్చిలో గూగుల్ తన క్రోమ్ దుకాణం నిబంధనలు మార్చి, వాడేవాడికి నేరుగా ప్రయోజనం కలిగించకుండా ఇలాంటి పనిముట్లు కమిషను కోడు చొప్పించకూడదంది. ఆ వీడియో చూసి నేను "ఎంత అన్యాయం!" అని మా ఆవిడతో అన్నాను. ఆవిడ కాఫీ కలుపుతూ "మీరు పాటల వాళ్ళకి చేసింది వేరా?" అంది. ఇంట్లో విమర్శకులుంటే ఇదే ఇబ్బంది.

ఇక మర్యాద సంగతికి వద్దాం.

మొదటిది, చెప్పడం. ఈ దేశంలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1980లోనే సిఫారసుల గురించి మార్గదర్శకాలు వేసింది. బ్లాగులు వచ్చాక 2009లో, మళ్ళీ 2023లో వాటిని సవరించింది. అందులో సారాంశం మన అమ్మమ్మలకు తెలిసినదే: సిఫారసు చేసేవాడికీ కంపెనీకీ మధ్య, వినేవాడు ఊహించని సంబంధం ఉంటే స్పష్టంగా చెప్పాలి. డబ్బే ముట్టనక్కరలేదు. ఉచితంగా వచ్చిన వస్తువైనా, తగ్గింపైనా, చుట్టరికమైనా సంబంధమే. చెప్పేది సిఫారసు పక్కనే ఉండాలి గానీ ఎక్కడో "ఇంకా చదవండి" మీట వెనక ఉండకూడదు. "అఫిలియేటు లింకు" అని ఒక మాట పడేస్తే సరిపోకపోవచ్చు, దాని అర్థం అందరికీ తెలియదు. "మీరు దీనితో కొంటే నాకు కమిషను వస్తుంది" అనాలి. 2017లో ఈ కమిషన్ మొదటిసారి కొందరు ఇంటర్‌నెట్ ప్రముఖుల మీద వ్యక్తిగతంగా చర్య తీసుకుంది. ఆ కేసులో ఇద్దరు కుర్రాళ్ళు ఒక వీడియో గేముకి సంబంధించిన జూదం సైటుని తెగ మెచ్చుకున్నారు. ఆ సైటు తమదేనన్న ముక్క మాత్రం చెప్పలేదు. మన ఊళ్ళోనూ ఈ గాలి తగిలింది. 2025 మార్చిలో బెట్టింగు యాప్‌లకు ప్రచారం చేశారని హైదరాబాదులో కొందరు నటుల మీద, యూట్యూబర్ల మీద పోలీసులు కేసులు పెట్టారు.

నాలుగు వందల మంది ఉన్న పాటల గ్రూపు కోసం ఫెడరల్ ప్రభుత్వం దిగిరాదు, నిజమే. కానీ మన దగ్గర చట్టం కన్నా గట్టిది ఒకటుంది, మొహమాటం. ఈ దేశానికి వచ్చిన కొత్తల్లో కిరాణా కొట్టులో ఎవరో "మీరు తెలుగువారా?" అని నవ్వుతూ పలకరించడం మీకందరికీ అనుభవమే. ఫోను నంబరు తీసుకుంటారు, భోజనానికి పిలుస్తారు. పప్పు, పెరుగు అయ్యాక ఒక తెల్లబోర్డు బయటికి వస్తుంది. మీ కింద ఇద్దరు, ఆ ఇద్దరి కింద నలుగురు. ఆ రాత్రి ఇంటికొస్తూ మనకి బాధేసేది బోర్డు చూసి కాదు. ఆ పలకరింపు ఎంతవరకు నిజమో ఇక తెలియదు గదా, అందుకు. ఆ తరవాత కొట్టులో తెలుగు వినబడితే ఇంకో వరస వైపు తిరిగినవాళ్ళు నాకు తెలుసు. నేనూ తిరిగాను. అంత అనుభవం ఉన్నవాణ్ణి గ్రూపులో నేను పెట్టిన కోడు కూడా చిన్న తెల్లబోర్డేనని గ్రహించలేదు.

రెండోది, ఎవరి ఇంట్లో ఉన్నామన్నది. పెళ్ళికి వెళ్ళి భోజనాల దగ్గర మన కేటరింగు కార్డులు పంచం. ఒకరి కార్యక్రమం వల్ల కూడిన గుంపులో ఆ కార్యక్రమం స్పాన్సరుకి పోటీ కోడు గానీ, అదే కంపెనీకి మన సొంత కోడు గానీ పెట్టడం అలాంటిదే. అడిగి పెట్టవచ్చు. చాలామంది సరేనంటారు కూడా.

మరి కార్యక్రమం వాళ్ళ కోడు బయటివాళ్ళకి చెప్పవచ్చా? మీ తమ్ముడికో, ఆఫీసులో పక్కవాడికో చెబితే తప్పులేదని నా అభిప్రాయం. వాళ్ళ మాట మీ ద్వారా వెళ్ళింది, అంతే. కూపన్లు పోగేసే సైట్లలో పెట్టడం మాత్రం మేలు చేస్తున్నామనుకుని చేసే కీడు. ఆ పేరే వినని వేలమంది, ఎలాగూ కొనబోయేవాళ్ళు, చివర్లో ఆ కోడు వాడతారు. కంపెనీకి నష్టం, లెక్క కలుషితం. ఇక ఆ కోడు చూపించే అంకెను ఎవరూ నమ్మరు, కోడే రద్దయినా ఆశ్చర్యం లేదు. ఉద్యోగులకని, విద్యార్థులకని, ఒక మనిషికని ఇచ్చినవి అసలు పంచకూడదు. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

మూడోది నాకు ఆలస్యంగా తెలిసింది. కోడు ఇచ్చేవాడు అవతలివాళ్ళకి అది సరిపోతుందో లేదో కూడా చూడాలి. నా కోడుతో చేరిన పదకొండు మందిలో కొత్తగా వచ్చిన ఒక విద్యార్థిని ఉంది. ఆ అమ్మాయి తర్వాత నాకు రాసింది: "అంకుల్, మొదటిసారి బాగానే ఉంది. రెండోసారి నుంచి రేటు తగ్గింది, నేను చూసుకోలేదు. మీరు చెప్పారు కదా అని అందులోనే పంపుతున్నాను." చదువుకని అప్పుచేసి పంపిన తండ్రికి, పార్ట్‌టైము ఉద్యోగం డబ్బుల్లోంచి నెలనెలా కొంత పంపుతోంది. ఇలాంటి కంపెనీల ఖర్చు రుసుములో తక్కువ, మారకం రేటులో ఎక్కువ దాగుంటుంది. రుసుము సున్నా అని రాసి ఉన్నచోట రేటు చూడాలి. ఒకే రోజు, ఒకే మొత్తానికి, అవతల ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయో పోల్చుకోవాలి. 2013 అక్టోబరు నుంచి అమలవుతున్న ఫెడరల్ నిబంధన ప్రకారం డబ్బు కట్టేముందే ఆ అంకె చూపించాలి. కట్టాక మామూలుగా 30 నిమిషాల్లోపు రద్దు చేసుకునే హక్కు కూడా ఉంది. ఇవన్నీ నాకు తెలుసు. గ్రూపులో కోడుతో పాటు రెండు వాక్యాలు రాస్తే సరిపోయేది.

అన్నట్టు, హెచ్-1బి మీదో, చదువుకునే వీసా మీదో ఉన్నవాళ్ళు ఒకటి గమనించాలి. స్నేహితుడికి కోడిచ్చి 20 డాలర్లు పొందడం వేరు, పనిగట్టుకుని లింకులతో ఆదాయం సంపాదించడం వేరు. రెండోది వీసా అనుమతించని పని కిందికి రావచ్చు. మొదలుపెట్టేముందు లాయరుని అడగండి. ఆ ఆదాయం పన్ను లెక్కల్లోకి వస్తుందని కూడా మరవద్దు.

ఆ ఆదివారం ఫోనులో నేను "చూసి చెబుతానండీ" అని పెట్టేశాను. రెండు రోజులు ఊరికే ఉన్నాను. మంగళవారం రాత్రి చేసి జరిగింది చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయ్యో, నేను కంపెనీ వాళ్ళని అనుమానించానండీ. వాళ్ళకి కాస్త గట్టిగానే రాశాను కూడా" అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ పదకొండు మందీ ఈ కార్యక్రమం శ్రోతలేనని నేను కంపెనీకి రాశాను. తమ లెక్కలో అలా మార్చే వీలు లేదని మర్యాదగా జవాబిచ్చారు. స్పాన్సరుషిప్పు పొడిగించలేదు. కార్యక్రమం ఇప్పుడు నెలకొకటే వస్తోంది. 220 డాలర్లు ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు. ఆడియో ఫైళ్ళు దాచే చోట ఏడాది అద్దె మాత్రం కట్టనిచ్చారు. ఆ అమ్మాయికి రేట్లు ఎలా పోల్చుకోవాలో కూర్చుని చూపించాను. ఇప్పుడు నాకే చెబుతోంది, ఈ వారం ఎక్కడ బాగుందో.

గ్రూపులో జరిగింది అంకెలతో సహా రాశాను. కొందరు బొటనవేలు బొమ్మ పెట్టారు, ఇద్దరు వెళ్ళిపోయారు. అప్పటినుంచి అక్కడొక అలవాటు వచ్చింది, కోడు పెట్టినవాళ్ళు కింద తమకెంతో రాస్తారు. మొన్న కొడుకు దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డు లెక్చరరు గారు దుప్పట్ల కొట్టు కోడు ఒకటి పెట్టి కింద రాశారు: "నాకేమీ రాదు. మా కోడలికి 15 డాలర్లు. దుప్పటి నేనింకా కప్పుకుని చూడలేదు."