స్పీకర్‌లో గుయ్‌మనే శబ్దం: ఎర్త్ పిన్ను విరిస్తే పోవచ్చు.. కానీ ప్రాణం మీదికి వస్తుంది

గూడూరు: గల్ఫ్ నుంచి సెలవు మీద ఇంటికి వచ్చిన కొడుకు పెద్ద యాంప్లిఫైయర్, రెండు స్పీకర్లు తెచ్చాడనుకోండి. రంజాన్ నెలలో ఖిరాత్ వినాలని, పండగ రోజు నాత్‌లు, ఖవ్వాలీలు పెట్టుకోవాలని ఇంటిల్లిపాదికీ ఆశ. తీరా ఆన్ చేస్తే పాట కంటే ముందు ‘గుయ్య్’మని ఒకటే మోత. పక్కింటి భాయ్ వచ్చి, "త్రీ పిన్‌లో పై పిన్ను తీసేయ్, పోతుంది" అంటాడు. తీసేస్తే నిజంగానే మోత ఆగిపోవచ్చు. అసలు ప్రమాదం మొదలయ్యేది కూడా అక్కడే.

కర్నూలు జిల్లాలో గూడూరు, ఎమ్మిగనూరు, ఆదోని వైపు ఎన్నో ఇళ్లు ఒకప్పుడు రెండు బల్బులు, ఒక ఫ్యాన్ కోసం చేసిన వైరింగ్ మీదే నడుస్తున్నాయి. దాని మీదే ఇప్పుడు ఫ్రిజ్, కూలర్, నీళ్ల మోటారు, టీవీ, వాటికి తోడు ఖరీదైన సౌండ్ సిస్టమ్ వచ్చి చేరాయి. మంచి సౌండ్ కావాలంటే ముందు డబ్బు పెట్టాల్సింది స్పీకర్ మీద కాదు, ఇంటి ఎర్తింగ్ మీద. ఎందుకో చూద్దాం.

ఎర్త్ చేసే పని ఏంటి?

ఇంటికి వచ్చే 230 వోల్టుల కరెంటు ఫేజ్ వైరులో వచ్చి, న్యూట్రల్ వైరులో తిరిగి పోతుంది. మూడోదైన ఎర్త్ వైరులో మామూలుగా కరెంటు ఉండదు. యాంప్లిఫైయర్ లోపల ఏదైనా వైరు తెగి ఇనుప బాడీకి తగిలితే, ఆ కరెంటు మనిషి ఒంట్లో నుంచి కాకుండా భూమిలోకి పోవడానికి పెట్టిన దారి అది. అందుకే త్రీ పిన్‌లో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికంటే పొడవుగా, లావుగా ఉంటుంది. ప్లగ్ పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు అదే తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర అదే విడిపోవాలి.

ఆ పిన్ను తీసేసిన యాంప్లిఫైయర్ మామూలు రోజుల్లో బాగానే పాడుతుంది. లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజు దాని బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. అంతటితో ఆగదు. ఆడియో వైరు ద్వారా టీవీకీ, సెట్‌టాప్ బాక్సుకీ పాకుతుంది. వజూ చేసుకుని తడి చేతులతో వచ్చి వాల్యూమ్ తగ్గించబోయిన పెద్దాయనకో, వెనకాల వైర్లతో ఆడుకునే పిల్లవాడికో తగులుతుంది. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియర్లు అక్కర్లేదు, మిల్లీ ఆంపియర్లు చాలు.

మరి ఆ మోత ఎందుకు వస్తుంది?

మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. స్పీకర్‌లో వినిపించే గుయ్ శబ్దం సాధారణంగా ఆ 50 హెర్ట్జ్‌దే, లేదా దానికి రెట్టింపైన 100 హెర్ట్జ్‌ది. ఒకదానికొకటి కలిపిన రెండు పరికరాలకు రెండు వేర్వేరు చోట్ల ఎర్త్ దొరికినప్పుడు, వాటి మధ్య చిన్న వోల్టేజ్ తేడా వస్తుంది. ఆ తేడా వల్ల ఆడియో వైరు పైపొరలో సన్నగా కరెంటు పారుతుంది. యాంప్లిఫైయర్ దాన్ని కూడా పాటే అనుకుని పెద్దది చేసి వినిపిస్తుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

ఇళ్లలో దీనికి తరచుగా కారణమయ్యేది కేబుల్ టీవీ వైరు. అది బయట స్తంభాల మీదుగా వస్తుంది. దాని పైపొరకు భూమితో సంబంధం ఎక్కడో దూరాన ఉంటుంది. యాంప్లిఫైయర్‌కు మాత్రం ఇంటి ఎర్త్ ఉంటుంది. ఆ రెండూ టీవీ దగ్గర కలుస్తాయి.

కారణం కనిపెట్టడం కష్టమేమీ కాదు. మొదట యాంప్లిఫైయర్‌కు స్పీకర్లు మాత్రమే ఉంచి, మిగతా వైర్లన్నీ తీసేయాలి. అప్పుడూ మోత ఉంటే లోపం యాంప్లిఫైయర్‌లోనే ఉంది, ఎక్కువగా పాతబడిన ఫిల్టర్ కెపాసిటర్లు. దాన్ని మెకానిక్‌కు చూపించాలి. మోత లేకపోతే ఒక్కో వైరూ తగిలిస్తూ పోవాలి. ఏది తగిలించినప్పుడు మోత మొదలైందో అదే దొంగ.

కేబుల్ టీవీ వైరు అయితే ఆ వైరుకు ఐసొలేటర్ పెట్టుకోవాలి. టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్ వాడితే ఇంకా మంచిది. అందులో వెళ్లేది వెలుతురే కాబట్టి లూప్‌కు చోటే ఉండదు. ల్యాప్‌టాప్ చార్జర్ తీయగానే మోత పోతే ఆడియో వైరు మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. టీవీ, సెట్‌టాప్ బాక్స్, యాంప్లిఫైయర్ మూడూ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే చాలాసార్లు సగం సమస్య తీరిపోతుంది. వీటిలో ఏ ఒక్కదానికీ ఎర్త్ పిన్ను తీసే పని లేదు.

బల్బు వెలిగితే ఎర్త్ ఉన్నట్టేనా?

ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య 60 వాట్ల బల్బు పెట్టి, "వెలుగుతోంది కదా, ఎర్త్ బాగుంది" అని చెప్పడం చూస్తుంటాం. ఆ బల్బు తీసుకునేది పావు ఆంపియర్ మాత్రమే. ఎర్త్ నిరోధం 50 ఓమ్‌లు ఉన్నా అది బాగానే వెలుగుతుంది. అదే ఎర్త్ మీద నిజంగా షార్ట్ అయితే పారేది నాలుగున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని మామూలు లోడే అనుకుంటుంది, పడిపోదు. బాడీకి మాత్రం కరెంటు అలాగే ఉంటుంది. నిరోధం 5 ఓమ్‌లకు దించితే 46 ఆంపియర్లు పారుతుంది, ఎంసీబీ నిమిషంలోపే పడిపోతుంది. అందుకే ఎర్త్ టెస్టర్‌తో కొలిపించాలి. బల్బును నమ్మకూడదు.

మనిషికి ఆ నిమిషం కూడా ఎక్కువే. కాబట్టి ఎంసీబీతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఫేజ్‌లో పోయిన కరెంటు న్యూట్రల్‌లో పూర్తిగా తిరిగి రాకపోతే అది అర సెకను కూడా ఆగకుండా సరఫరా ఆపేస్తుంది. దానికి టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి చూసుకోవాలి.

నల్లరేగడి నేల సంగతి

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో పత్తి పండే నల్లరేగడి నేలలు ఎక్కువ. వానాకాలంలో ఈ నేల తేమను పట్టుకుంటుంది, ఎర్త్ బాగా పనిచేస్తుంది. ఎండాకాలంలో ఎండి, నెర్రెలిచ్చి, పైపు నుంచి విడిపోతుంది. కూలర్లు రాత్రింబవళ్లు తిరిగే రోజుల్లో, ఎర్త్ ఎక్కువ అవసరమైన సమయంలోనే అది బలహీనపడుతుందన్నమాట. కొండల పక్కన రాతి నేలల్లో ఉన్న ఇళ్లకు ఈ కష్టం ఇంకా ఎక్కువ.

భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 ప్రకారం పైపు ఎర్త్‌కు 38 మిల్లీమీటర్ల జీఐ పైపు, 2.5 మీటర్లకు తగ్గని పొడవు ఉండాలి. ఇంటి గోడకు 1.5 మీటర్ల దూరంలో పాతాలి. చుట్టూ బొగ్గు, ఉప్పు వేస్తే తేమ నిలుస్తుంది. అయితే ఉప్పు పైపును తినేస్తుంది కాబట్టి కొన్నేళ్లకోసారి చూసుకోవాలి. వేసవిలో పైపు గరాటులో నీళ్లు పోస్తుండాలి. ఎర్త్‌ను కొలిపించాల్సిందీ ఏప్రిల్, మే నెలల్లోనే. వానాకాలం కొలతను నమ్ముకుంటే మోసపోతాం.

ఎర్త్ లేని బోర్డులో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలపడం మరో పాడు అలవాటు. బయట న్యూట్రల్ తెగిన రోజు ఇంట్లోని ప్రతి ఇనుప బాడీకీ కరెంటు వస్తుంది.

గల్ఫ్ నుంచి తెచ్చిన సామాను

సౌదీ ఇళ్లలో చాలాకాలం 127 వోల్టుల సరఫరా ఉండేది, అది కూడా 60 హెర్ట్జ్. అలాంటి పాత సెట్‌ను నేరుగా మన బోర్డులో పెడితే కాలిపోతుంది. వెనకాల చీటీ చదవాలి. 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే భయం లేదు. దుబాయ్, కువైట్ ప్లగ్‌కు ఉండే మూడు పలక కాళ్లు మన బోర్డులో పట్టవు. దానికి చవక టూ పిన్ అడాప్టర్ తగిలిస్తే ఎర్త్ అక్కడే తెగిపోతుంది. ప్లగ్‌ను మార్పించి మన త్రీ పిన్ వేయించాలి. చదరం లోపల చదరం గుర్తు ఉన్న సెట్లకు మాత్రం ఎర్త్ అవసరం లేదు. అవి తయారీలోనే డబుల్ ఇన్సులేషన్‌తో టూ పిన్‌గా వస్తాయి.

వోల్టేజ్, ఇన్వర్టర్

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకోగానే సౌండ్‌లో గరగర మొదలైతే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది. సౌండ్ సిస్టమ్‌కు ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే సరైనది. స్తంభం మీద న్యూట్రల్ తెగితే ఇంట్లో వోల్టేజ్ 300 దాటిపోవచ్చు. దానికి మామూలు స్టెబిలైజర్ చాలదు, ఎక్కువ వోల్టేజ్ రాగానే సరఫరా కోసేసే ప్రొటెక్టర్ కావాలి. లైట్లు ఒక్కసారిగా కొన్ని మసకబారి, కొన్ని మండిపోతున్నట్టు వెలిగితే వెంటనే మెయిన్ ఆపి 1912కు ఫోన్ చేయాలి. ఉరుములు మెరుపులప్పుడు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకేయాలి.

వీలైతే మెయిన్ బోర్డు నుంచి సౌండ్ సిస్టమ్‌కు విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించాలి. ఫ్రిజ్, మోటారు ఆ లైనులో ఉండకూడదు. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు స్పీకర్‌లో వచ్చే ‘టప్’ శబ్దం దీనితో బాగా తగ్గుతుంది. వేలకు వేలు పోసి కొనే పవర్ కేబుళ్లతో మాత్రం పనిలేదు. స్తంభం నుంచి ఇంటిదాకా అల్యూమినియం సర్వీసు వైరులో వచ్చిన కరెంటుకు, చివరి ఒక్క మీటరు బంగారు పూత ఏం మార్పు తెస్తుంది?

ఆఖరున సౌండ్

ఇవన్నీ అయ్యాక సౌండ్ సరిచేయడానికి ఖర్చే ఉండదు. రెండు స్పీకర్లు, కూర్చునే చోటు మూడూ సమాన దూరంలో ఉండాలి. స్పీకర్లను గోడకు ఆనించకూడదు. బండలు పరిచిన ఖాళీ గదిలో మాట గింగిరాలు తిరుగుతుంది. నేల మీద జంపఖానా, కిటికీకి మందపాటి పరదా వేస్తే ఖిరాత్‌లో ఒక్కో అక్షరం స్పష్టంగా వినిపిస్తుంది. ఆడియో వైర్లు, కరెంటు వైర్లు పక్కపక్కనే పోకుండా చూసుకోవాలి.

కొత్త స్పీకర్ కొనే ముందు ఒక మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, "మా ఇంటి ఎర్త్ ఎన్ని ఓమ్‌లు ఉందో కొలిచి చెప్పు" అని అడగండి. ఆ అంకె తెలిశాకే దుకాణానికి వెళ్లండి.